గట్టయ్య మూడో స్టేజ్

డాక్టర్ జగదీశ్వర్ హైదరాబాద్‌లో సదస్సుకు వెళ్లేటప్పుడు మామూలు బొక్కల డాక్టర్, అంటే ఎముకల వైద్యుడు. తిరిగొచ్చేటప్పటికి భాషా సంస్కర్త అయిపోయాడు. మనిషి అంతలో అంతలా ఎలా మారాడని గోదావరిఖనిలో ఎవరూ అడగలేదు. అడిగి ఉంటే ఆయన చెప్పుకోవాల్సిన నిజం అంత గొప్పగా ఏమీ ఉండేది కాదు.

తుంటి ఎముక ఆపరేషన్ల మీద ఆయన ఒక పోస్టర్ తయారుచేసి తీసుకెళ్లాడు. దాని పక్కన కొత్త టై కట్టుకుని పొద్దంతా నిలబడ్డాడు. దగ్గరికి వచ్చింది ఒకే ఒక్క పెద్దమనిషి. భోజనాలు ఏ అంతస్తులో పెడుతున్నారో కనుక్కుని వెళ్లిపోయాడు. కాళ్లు పీకేస్తున్నాయి, మనసు చివుక్కుమంది. ఏసీ గట్టిగా ఉన్న చోట కాసేపు కూర్చుందామని ఆయన పక్క హాల్లోకి దూరాడు. అక్కడ ఒకావిడ పడక పుండ్ల గురించి మాట్లాడుతోంది.

మంచం పట్టిన మనిషికి ఒకేచోట బరువు పడి, రక్తం ఆడక, తోలు చచ్చి పడే పుండు అది. ఆ ఒక్క పుండుకే వందమంది వంద పేర్లు పెడుతున్నారని ఆవిడ బాధ. ఒకరు బెడ్‌సోర్ అంటారు, ఒకరు ప్రెషర్ అల్సర్ అంటారు, ఒకరు గ్రేడు అంటారు, ఇంకొకరు డిగ్రీ అంటారు. నైట్ డ్యూటీ నర్సు చిన్న పుండు అని అప్పజెప్పి వెళ్తే, పొద్దున వచ్చిన నర్సుకు అక్కడ గుంట కనబడుతుంది. అందుకని అందరూ ఒకే పేరు వాడాలి, ప్రెషర్ ఇంజూరీ అని. తోలు చిట్లకుండా ఎర్రబడి, నొక్కినా ఆ ఎరుపు పోకపోతే ఒకటో స్టేజ్. పైపొర లేచిపోతే రెండు. తోలు మొత్తం పోయి కింద కొవ్వు కనబడితే మూడు. కండా ఎముకా బయటపడితే నాలుగు.

జగదీశ్వర్‌కు ఒళ్లు జలదరించింది. అది జ్ఞానోదయం వల్లనో ఏసీ వల్లనో ఆయన తర్వాత చాలాసార్లు ఆలోచించుకున్నాడు గానీ తేల్చుకోలేకపోయాడు. ఆవిడ చెప్పిందంతా సెల్‌ఫోన్‌లో ఫొటోలు తీసుకున్నాడు. తన పోస్టర్‌ను చుట్టచుట్టి హోటల్ గదిలో మంచం కిందే వదిలేసి రైలెక్కాడు.

వచ్చిన మర్నాడే బస్టాండు పక్కన ఫ్లెక్సీలు కొట్టే సదయ్య దగ్గరికి వెళ్లాడు. నాలుగు స్టేజీలనూ రంగుల బొమ్మలతో పెద్దగా వేయించి వార్డు గోడకు తగిలించాలని ఆయన ఉద్దేశం. సదయ్య కొట్టేవన్నీ పుట్టినరోజులు, వర్ధంతులు, కార్మిక నాయకులకు స్వాగతాలు. పుండ్ల బొమ్మలను ఇటు తిప్పి అటు తిప్పి చూశాడు.

“సారూ, ఫొటో లేకుంట ఫ్లెక్సీ బోసిగ ఉంటది. మీది పెట్టనా?”

“వద్దు వద్దు,” అన్నాడు జగదీశ్వర్ గంభీరంగా. ఇంటికి వెళ్లాక, ఒక మూలకు చిన్నది పెట్టించుకున్నా తప్పేం కాదేమో అని కాసేపు బాధపడ్డాడు.

ఆయన పనిచేసేది విశ్వేశ్వరరావు గారి ప్రైవేటు దవాఖానలో. రావుగారు కోస్తా నుంచి ఎప్పుడో వచ్చి ఇక్కడే స్థిరపడ్డ ఫిజీషియన్. ఆ వారమే ఆయన గదిలో మీటింగు పెట్టారు. రావుగారు, జగదీశ్వర్, డ్యూటీ డాక్టర్ భవ్య, నర్సింగ్ ఇన్‌ఛార్జి రాజకుమారి. టీలు వచ్చాయి. జగదీశ్వర్ నిలబడి, సదస్సులో ఆవిడ మాట్లాడినదంతా తన సొంతంలాగా చెప్పేశాడు.

“నేను నలభై ఏళ్లుగా బెడ్‌సోర్ అనే రాస్తున్నానయ్యా,” అన్నారు రావుగారు. “బెడ్ మీద వస్తుంది, సోర్‌గా ఉంటుంది. ఇందులో అర్థం కానిదేముంది? పైగా ఇంజూరీ అంటే ఎవరో చేసినట్టు వినబడుతుంది. మన కేసు షీట్‌లో మన చేత్తో మనమే ఎందుకు రాసుకోవాలి?”

“అలా కాదు సార్. ఒకటో స్టేజ్‌లో తోలు చిట్లదు. చిట్లనిదాన్ని అల్సర్ అనకూడదు. అందుకే ఇంజూరీ అన్నారు. అది శాస్త్రీయ పదం. ఎవరి తప్పు అన్న ప్రశ్నే దాంట్లో లేదు.”

ఆ చివరి మాట అంత ధీమాగా ఎందుకన్నాడో ఆయనకే తెలియదు.

భవ్య ఫ్లెక్సీని పరిశీలనగా చూస్తోంది. “సార్, ఒకటో స్టేజ్ అంటే ఎర్రబడటం అని వేశారు. బొమ్మలో ఉన్నది తెల్లవాళ్ల తోలు. మన పేషెంట్ల ఒంటి మీద ఎరుపు నాకెప్పుడూ సరిగా కనబడలేదు. మరి ఎలా పట్టుకోవాలి?”

“చేత్తో తాకి చూడాలి. చుట్టుపక్కల కంటే వెచ్చగానో గట్టిగానో తగులుతుంది.”

“అది ఇందులో లేదు కదా సార్.”

“చోటు సరిపోలేదు,” అన్నాడు జగదీశ్వర్. నిజానికి అది ఆ హాల్లో ఆవిడ చెప్పింది. ఆ సమయంలో ఈయన ఫోన్ ఛార్జింగ్ కోసం ప్లగ్గు వెతుక్కుంటున్నాడు.

ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో మధ్యాహ్నం బ్లాస్టింగ్ అయినట్టుంది, కిటికీ అద్దాలు గలగలమన్నాయి. అలవాటైన చేతులతో అందరూ ఎవరి కప్పు వాళ్లు పట్టుకున్నారు. చప్పుడు తగ్గాక రాజకుమారి మాట్లాడింది.

“నాకైతే మంచిగనే అనిపిస్తున్నది సార్. షిఫ్టు మారినప్పుడల్లా లొల్లే. నేను పెద్ద పుండంట, ఆమె చిన్నదంటది. నంబరు ఉంటే లొల్లి ఉండదు.”

ఒక్కరైనా తన పక్షాన ఉన్నారన్న ఆనందంలో జగదీశ్వర్‌కు కళ్లు చెమ్మగిల్లినంత పనైంది. రావుగారు టీ తాగేసి, “సరే, కానీయండి. ఖర్చు లేని సంస్కరణ కదా,” అన్నారు. ఫ్లెక్సీ వార్డుకెక్కింది.

ఆ వార్డులోనే గట్టయ్య ఉన్నాడు.

గట్టయ్యది కమాన్‌పూర్ దగ్గర ఊరు. బొగ్గుబాయిలో భూమి లోపల పనిచేసి రిటైరైన మనిషి. స్నానాల గదిలో జారిపడి తుంటి విరగ్గొట్టుకుంటే జగదీశ్వర్ ఆపరేషన్ చేశాడు. ఎక్స్‌రే ఎంత అందంగా వచ్చిందంటే, ఆయన దాన్ని ఫోన్‌లో పెట్టుకుని ఇంట్లో భార్యకు కూడా చూపించాడు. ఆవిడ “బాగుంది, పప్పులో ఉప్పు సరిపోయిందా?” అంది. రోజూ రౌండ్స్‌లో ఆయన గట్టయ్య మంచం దగ్గర ఆగి, ఎక్స్‌రేని వెలుతురుకు పట్టి చూసి, తృప్తిగా తలాడించి ముందుకెళ్లేవాడు. మంచం మీద గట్టయ్య కూడా ఉన్నాడన్నది ఆయనకు తెలుసు. కాకపోతే ఎక్స్‌రేలో గట్టయ్య ఇంకా స్పష్టంగా ఉండేవాడు.

అంతలో రాజకుమారి చెల్లెలి పెళ్లికని సెలవు పెట్టింది. ఇద్దరు నర్సులకు జ్వరాలు. మిగిలినవాళ్లు సెలైన్లు, ఇంజెక్షన్లు చూసుకోవడానికే చాలలేదు. గట్టయ్య నోరు తెరిచి ఏదీ అడిగే రకం కాదు. పడుకోబెట్టినవాడు పడుకోబెట్టినట్టే, వెల్లకిలా, ఫ్యాన్ వంక చూస్తూ ఉన్నాడు.

రాజకుమారి సెలవు నుంచి వచ్చిన పొద్దునే అతన్ని పక్కకు తిప్పి, జగదీశ్వర్‌ను పిలిచింది. నడుము కింద, పిర్రల మధ్య ఎముక ఉబ్బెత్తుగా ఉండే చోట పుండు పడింది.

ఆ క్షణంలో తనకు ముందుగా కలిగింది సిగ్గయి ఉంటే బాగుండేదని జగదీశ్వర్ తర్వాత అనుకున్నాడు. కలిగింది అది కాదు. పరీక్షలో తాను చదివిన ప్రశ్నే వచ్చిన పిల్లవాడి సంబరం. వంగి చూశాడు. తోలు మొత్తం పోయింది, పచ్చటి కొవ్వు కనబడుతోంది, ఎముక కనబడటం లేదు.

“స్టేజ్ త్రీ!” అన్నాడు.

“స్టేజ్ త్రీయే సార్,” అంది భవ్య. రాజకుమారి అదే రాసుకుంది. ఆ దవాఖాన పుట్టాక ముగ్గురు మనుషులు ఒక పుండును ఒకే పేరుతో పిలవడం అదే మొదటిసారి. శుభ్రం చేయడం, కట్టు కట్టడం అన్నీ చెప్పి జగదీశ్వర్ వెనక్కి తిరిగితే, మంచం కాళ్ల దగ్గర సద్దిగిన్నె ఒళ్లో పెట్టుకుని గట్టయ్య భార్య లింగవ్వ కూర్చుని ఉంది. పేషెంటు తరఫువాళ్లకు ఏదీ దాచకూడదని కూడా సదస్సులో చెప్పారు.

“అవ్వా, పెద్దయ్యకు మూడో స్టేజ్ వచ్చింది. జెర ముందుగాల దొరికితే మంచిగుండు. అయినా ఫికర్ చెయ్యకు, చూస్తున్నం గద.”

అంత నిజాయితీగా, అంత క్లుప్తంగా, వాళ్ల భాషలోనే చెప్పినందుకు తనను తాను మెచ్చుకుంటూ ఆయన ఆపరేషన్ థియేటర్‌కు వెళ్లిపోయాడు. లింగవ్వ ముఖం చూడలేదు. దారిలో ఆయన, బొగ్గు ప్రాంతంలో ఒకే పరిభాష అమలు గురించి ఒక వ్యాసం రాస్తే ఏ పత్రికకు పంపాలా అని ఆలోచిస్తున్నాడు.

సాయంత్రం వచ్చేసరికి మంచం ఖాళీగా ఉంది.

“కూతురూ అల్లుడూ వచ్చి, మా ఇష్టంతోనే తీసుకుపోతున్నాం అని సంతకం పెట్టి వెళ్లిపోయారు సార్,” అంది భవ్య. “నేను క్యాజువాలిటీలో కుట్లు వేస్తున్నాను. ఇంటికాడనే పోనిస్తం అన్నారట.”

“ఎక్కడికి పోనిస్తారు?”

రాజకుమారి అప్పటికే గట్టయ్య కూతురు రమకు ఫోన్ కలుపుతోంది. స్పీకర్‌లో ఏడుపు వినబడింది.

“ఇగ ఏం జేస్తం సిస్టర్. మూడో స్టేజ్ అన్నరట గద పెద్ద సారు. ఫోన్ల చూసిన. నాలుగోది అచ్చిందంటే ఇగ చేతిల ఉండదని ఉన్నది. సూదులు పొడిపిచ్చి గోస పెట్టుడెందుకు? ఉన్నన్ని రోజులు మా నాయినను మంచిగ చూసుకుంటం.”

ఫోన్ పెట్టేసింది. రాజకుమారి ఆయన వంక చూసింది. “సార్, వాళ్లు క్యాన్సర్ అనుకుంటున్నరు.”

జగదీశ్వర్ అక్కడే ఉన్న స్టూలు మీద కూలబడ్డాడు. తన నాన్న కూడా బాయి మనిషే. తాను ఎనిమిదో కాలనీలో, బాయి కార్మికుల క్వార్టర్లలో పుట్టి పెరిగాడు. ఈ గడ్డ మీద స్టేజ్ అన్న మాట ఎవరి నోట ఏ సందర్భంలో వస్తుందో, అది విని ఆడవాళ్లు కొంగు నోట్లో ఎందుకు కుక్కుకుంటారో చిన్నప్పటి నుంచీ చూసినవాడు. ప్రపంచంలో ఎవరికీ అనుమానం రాని మాట కావాలని వెతికి వెతికి, ఊళ్లో అందరికీ ముందే అర్థం తెలిసిన మాటను పట్టుకొచ్చాడు.

రమ నంబరు ఆ రాత్రంతా స్విచాఫ్. తెల్లవారగానే కట్ల సామాను కారులో వేసుకుని, రాజకుమారిని వెంటబెట్టుకుని ఆయన కమాన్‌పూర్ వైపు బయల్దేరాడు. ముందు బొగ్గు లారీలు, వాటి వెనక దుమ్ము, ఆ దుమ్ము వెనక ఈయన. దారి పొడుగునా ఏం చెప్పాలో బట్టీ పడుతున్నాడు. ప్రతిసారీ వాక్యంలో ఎక్కడో ఒకచోట స్టేజ్ వచ్చి కూర్చుంటోంది.

ఇంటి ముందు చెప్పుల గుట్ట చూసి ఆయన ఆలస్యమైపోయిందనుకున్నాడు. చుట్టాలు దిగినట్టున్నారు, వాకిట్లో రెండు ఆటోలు ఆగి ఉన్నాయి. లోపలినుంచి శోకాలు మాత్రం వినబడటం లేదు. మటన్ ఉడుకుతున్న వాసన వస్తోంది.

నడింట్లో నులక మంచం మీద గట్టయ్య కుడివైపుకు తిరిగి, చేయి తలకింద పెట్టుకుని పడుకుని ఉన్నాడు. ముందు స్టూలు మీద కల్లు గ్లాసు, పళ్లెంలో బొక్కలు. చుట్టూ చుట్టాలు గుండ్రంగా కూర్చుని, అతను నములుతుంటే కన్నీళ్లతో చూస్తున్నారు.

“అరె, డాక్టర్ సారు! కూసో సారూ. ఒక ముక్క తింటవా?” అన్నాడు గట్టయ్య.

“ఎట్లున్నది కాకా?”

“మస్తుగున్నది. ఏం తింటవు, ఏం తింటవు అని అడుగుతున్నరు. ముప్పై ఏండ్లు బాయిల చేసిన. ఒక్కనాడు నన్ను గిట్ల అడిగినోళ్లు లేరు.”

రమ భర్త జైపాల్ లోపలినుంచి వచ్చాడు. ఓపెన్‌కాస్టులో డంపర్ నడుపుతాడు, యూనియన్‌లో పిట్ సెక్రటరీ, అంటే ఆ గని కార్మికుల నాయకుడు. చేతులు కట్టుకుని గుమ్మానికి ఆనుకున్నాడు.

జగదీశ్వర్ గొంతు సవరించుకున్నాడు. “అందరూ జెర వినుర్రి. కాకకు క్యాన్సర్ లేదు.”

లింగవ్వ పొయ్యి దగ్గరినుంచి గంటె చేత్తో పట్టుకునే వచ్చింది. “లేదా?”

“లేదవ్వా. ఒకే తీరుగ పండుకునుడుతోని నడుము కింద పుండు వడ్డది. గది మానే పుండే. దానికి మేం నంబర్లు పెట్టుకున్నం. తోలు ఎంత లోతు పోయిందో చెప్పెతందుకు. గా నంబరే నీకు చెప్పిన.”

“పుండు నంబరా?”

“పుండు నంబరే.”

లింగవ్వ గంటె కిందపడేసి, నెత్తి మీద చేతులు పెట్టుకుని కూర్చుని బోరున ఏడ్చింది. నిన్నటినుంచి ఆపుకున్నదంతా అప్పుడొచ్చింది. ఏడుస్తూనే తిట్టింది. “పుండు అంటే నీ నోట్లె ముత్యాలు రాల్తయా బిడ్డా? మా బలగాన్నంత ఏడిపిస్తివి గదనే!” శ్రీరాంపూర్ నుంచి వచ్చిన ఆమె అక్క మాత్రం కొంచెం చిన్నబుచ్చుకున్నట్టు కనబడింది. ఆటోలో అంతదూరం ఏడ్చుకుంటూ వచ్చిన మనిషి ఆవిడ.

గట్టయ్య గ్లాసు ఖాళీ చేసి, “సారూ, ఇంకో రెండు రోజులాగి చెప్తే ఏమైతుండె?” అన్నాడు.

అంతా నవ్వారు. జగదీశ్వర్ కూడా నవ్వాడు. గండం గడిచిందనుకున్నాడు. అక్కడితో ఊరుకుని ఉంటే గడిచేదే. కానీ జైపాల్ ఇంకా గుమ్మం దగ్గరే ఉన్నాడు, ముఖంలో నవ్వు లేదు. అతనికి విషయం పూర్తిగా, శాస్త్రీయంగా చెప్తే మంచిదని ఈయనకు తోచింది.

“దీన్ని మేం ప్రెషర్ ఇంజూరీ అంటం,” అన్నాడు.

జైపాల్ కట్టుకున్న చేతులు విప్పాడు. “ఇంజూరీనా?”

ఆ గొంతు విన్నాక గానీ జగదీశ్వర్‌కు తాను రెండో గోతిలో దిగానని తెలియలేదు.

“మా బాయిల ఇంజూరీ అంటే ఒక లెక్కుంటది సారూ. మనిషి జరంతో పడితే బీమారి. రూల్ తప్పి, చూసుకోక దెబ్బ తాకితే ఇంజూరీ. ఏ షిఫ్టుల అయింది, ఏ జాగల అయింది, డ్యూటీల ఉన్న ఆఫీసర్ ఎవడు, అన్నీ అడుగుతం. మా మామకు ఏ షిఫ్టుల అయింది?”

“అంటే... అది గట్ల ఒక షిఫ్టుల అయ్యేది కాదు...”

“అన్ని షిఫ్టులల్ల అయిందన్నట్టా?”

జగదీశ్వర్‌కు తాను నిషేధించిన పాత మాట ఒక్కసారిగా ఎంతో ముద్దొచ్చింది. “అదే భాయ్, వట్టి బెడ్‌సోర్. మంచం పట్టినోళ్లకు వస్తనే ఉంటది.”

“ఇంజూరీ అని ఇప్పుడే అన్నవు గద.”

అవును, అన్నాడు. రాజకుమారి కట్ల సామాను విప్పుతూ నేల చూపులు చూస్తోంది. శ్రీరాంపూర్ చుట్టాలు ఏడుపు మానేసి ఆసక్తిగా చూస్తున్నారు. పేరులో ఎవరి తప్పన్న ప్రశ్నే లేదని రావుగారి ముందు తాను చెప్పింది జగదీశ్వర్‌కు గుర్తొచ్చింది. డంపర్ నడిపే మనిషికి ఆ మాట వినగానే మొట్టమొదట కనబడింది ఆ ప్రశ్నే. అది తనకు కనబడకపోవడానికి శాస్త్రం కారణం కాదనీ, తాను జవాబు చెప్పాల్సినవాళ్లలో ఒకడు కావడమే కారణమనీ ఆయనకు తెలిసిపోయింది.

“జైపాల్ భాయ్,” అన్నాడు. “కాకను రెండు రెండు గంటలకు పక్కకు తిప్పుతుండాలె. తిప్పలేదు. సిస్టర్లు తక్కువుండె, అది నిజమే. కానీ పొద్దున పొద్దున మంచం కాడికి వచ్చేది నేను. నేను ఎక్స్‌రే చూసి పోయిన. ఒక్కనాడన్న వీపు చూడలే. చూస్తే మొదట్లనే తెలుస్తుండె. ఇంజూరీనే. నా డ్యూటీలనే అయింది.”

జైపాల్ నోరు తెరిచి, మూసి, మళ్లీ తెరిచాడు. అతను తర్వాతి ప్రశ్నలన్నీ వరసగా సిద్ధం చేసుకుని ఉన్నట్టున్నాడు. ఒక్కటీ పనికిరాకుండా పోయింది.

“ఏంది సారూ,” అన్నాడు చివరికి, కొంత నిష్ఠూరంగా. “మా కాడ ఏ ఆఫీసరూ గిట్ల ఒప్పుకోడు. ఒప్పుకుంటే ఏమనాల్నో మాకు తెల్వది.”

“అల్లుడా, ఇగ ఇడిసిపెట్టు,” అన్నాడు గట్టయ్య. “బాయిల కప్పు కూలి ఎనక ముందు పడ్డది, నాకు గీత వడలే. మెత్తటి పరుపు మీద పండుకుంటే ఇంజూరీ అయింది. నలుగురికి తెలిస్తే నా ఇజ్జతే పోతది.”

రాజకుమారి అక్కడే పుండు కడిగి కట్టు కట్టింది. జగదీశ్వర్ గట్టయ్య భుజం పట్టుకుని, ఆమె పని ముగిసేదాకా కదలకుండా పక్కకు ఉంచాడు. దవాఖానకు రావడానికి గట్టయ్య ఒక షరతు పెట్టాడు, అక్కడ కూడా మటనూ కల్లూ ఆగకూడదని. జగదీశ్వర్ ఒప్పుకున్నాడు. మాంసం, గుడ్లు పుండు మానడానికి మంచివే, కల్లు సంగతి మాత్రం తాను వినలేదు అన్నాడు. మధ్యాహ్నానికి జైపాల్ తెచ్చిన ట్రాలీ ఆటోలో గట్టయ్య పక్కకు తిరిగి పడుకుని, దారిలో కనబడ్డవాళ్లందరికీ చెయ్యూపుతూ మళ్లీ గోదావరిఖని చేరాడు.

రావుగారు కథంతా విని కళ్లజోడు తీసేశారు. “ఒప్పుకున్నావా? నోటితోనా?”

“నోటితోనే సార్.”

“యూనియన్ వాడి ముందు?”

“ఇల్లంతా ఉంది సార్. శ్రీరాంపూర్ వాళ్లు కూడా.”

రావుగారు కళ్లజోడు తుడిచి మళ్లీ పెట్టుకున్నారు. బెడ్‌సోర్ అని నలభై ఏళ్లు రాసిన తాను ఒక్కసారి కూడా ఎవరింటికీ వెళ్లి సంజాయిషీ చెప్పుకోవాల్సిన అవసరం రాలేదని మెల్లగా గుర్తుచేశారు. “అది ఆ మాటలో ఉన్న గుణం కాదంటావా?” అన్నారు. అయితే సాయంత్రానికి గాలి పరుపులు ఎక్కడ దొరుకుతాయో కనుక్కోమని మెడికల్ షాపుకు ఫోన్ చేసింది మాత్రం రావుగారే.

భవ్య ఫ్లెక్సీని వార్డు గోడ మీదినుంచి తీయించి నర్సుల గదిలో పెట్టించింది. ఒకటో స్టేజ్ బొమ్మ పక్కన స్కెచ్ పెన్నుతో, తాకి చూడాలి అని పెద్దక్షరాలతో రాసింది. చోటు బాగానే సరిపోయింది.

గట్టయ్య కర్ర పట్టుకుని నడిచేదాకా వార్డులోనే ఉన్నాడు. ఇంటికెళ్లాక కట్టు మార్పించుకోవడానికి వచ్చిపోయేవాడు. పుండు గులాబీరంగు తేలి, అంచులనుంచి పూడుకుంటూ వస్తోంది. వచ్చిన ప్రతిసారీ లింగవ్వ ఒకటే అడిగేది.

“సారూ, రెండుకు దిగిందా?”

ఇక్కడ ఇంకో చిక్కొచ్చి పడింది. మూడో స్టేజ్ పుండు మానుతూ వచ్చినా అది రెండూ ఒకటీ కాదు. పోయిన పొరలు అలాగే తిరిగి రావు, మచ్చకట్టి పూడతాయి. అందుకని దాన్ని మానుతున్న మూడో స్టేజ్ అనే అనాలి. నంబరు ఎక్కడమే గానీ దిగడం లేదు. జగదీశ్వర్ మొదటిసారి దీన్ని వివరించబోయాడు. “దిగదవ్వా, మూడే ఉంటది, కానీ మానుతది,” అనగానే లింగవ్వ కింది పెదవి వణికింది. వెంటనే ఆపేశాడు. రెండోసారి, “మంచిగైతున్నది,” అని దాటేశాడు. ఆమె నమ్మలేదు. మంచిగైతే నంబరు చెప్పడానికేం రోగమని వరండాలో కూర్చున్నవాళ్లతో అందట.

మూడోసారి వచ్చినప్పుడు పుండు రూపాయి బిళ్లంతకు వచ్చింది. లింగవ్వ ఆయన ముఖంలోకి చూసింది. “సారూ, నిజం చెప్పు. రెండుకు దిగిందా లేదా?”

జగదీశ్వర్ రాజకుమారి వంక చూశాడు. రాజకుమారి కిటికీ వంక చూసింది. ప్రపంచమంతా ఒకే మాట వాడాలన్న ఆ హాల్లోని ఆవిడ ఎక్కడున్నా తనను క్షమించాలనుకున్నాడు.

“ఒకటిన్నర, అవ్వా,” అన్నాడు.

“ఒకటిన్నరనా!” లింగవ్వ ముఖం వెలిగిపోయింది. అక్కడికక్కడే సంచిలోంచి ఫోన్ తీసి రమకు, ఆ తర్వాత శ్రీరాంపూర్ అక్కకు అరిచి చెప్పింది.

“కేసు షీట్ల ఏమని రాయాలె సార్?” అంది రాజకుమారి.

“మానుతున్న మూడో స్టేజ్ అనే.”

“అవ్వకు?”

“అవ్వకు ఒకటిన్నర.”

ఆమె అలాగే రాసింది. ఎవరి భాషలో వాళ్లకు సరైన మాట చెప్పానని జగదీశ్వర్‌కు ఒక పక్క గర్వంగా ఉంది, ఇంకో పక్క ఏ సదస్సులోనూ నోరెత్తి చెప్పుకోలేని పని చేశానని తెలుసు.

అక్కడినుంచి రౌండ్స్‌కు వెళ్లారు. మొదటి మంచం మీద సారవ్వ, తొడ ఎముక విరిగి వచ్చిన ముసలామె. భవ్య ఎక్స్‌రే అందించబోయింది. జగదీశ్వర్ చెయ్యి అలవాటుగా లేచి, మధ్యలో ఆగింది.

“ముందు పక్కకు తిప్పుదాం.”

ముగ్గురూ కలిసి మెల్లగా తిప్పారు. ఆయన వంగి చూశాడు. చేతి వెనకవైపుతో నడుము కింద తాకి చూశాడు. వెచ్చగా లేదు, గట్టిగా లేదు.

“ఏముంది బిడ్డా నా ఈపు మీద, గంతసేపు చూస్తున్నవు?”

“ఏం లేదవ్వా.”

ఏం లేకపోవడం ఇంత బాగుంటుందని ఆయన అనుకోలేదు. అదేదో తానే తయారుచేసినట్టు మురిసిపోతూ ఇంకాసేపు నిలబడ్డాడు.

“సార్,” అంది రాజకుమారి, “ఇగ చీర కప్పుత. అవ్వకు సలిపెడుతున్నది.”